మూడొద్దుల మేనేజర్

పూర్ణిమ లారీ మీద ఉండగానే కింద నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచారు. చేతిలోని ఇనుప గొట్టాన్ని అడుగు వరసలోని బస్తాలోకి పొడిచి, తిప్పి బయటికి లాగింది. గొట్టంలో పడ్డ వడ్లను అరచేతిలో పోసుకుని, ఒక గింజను పంటి కింద పెట్టి కొరికిన తరువాతే కిందికి చూసింది. ఇంద్రజ నిలబడి ఉంది.

ఇంద్రజ ఈ బియ్యం మిల్లు ఓనర్ కృష్ణమూర్తి గారి కోడలు. పుట్టిల్లు కోదాడ. కంపెనీలో డైరెక్టర్ హోదా. ఎప్పుడూ సూర్యాపేట హెడ్డాఫీసులోనే ఉంటుంది. మిర్యాలగూడ మిల్లుకు వచ్చినా ఏసీ గది దాటి లోపలికి రాదు. అలాంటిది ఎండలో, ఊక ధూళిలో, పవిట కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లారీ దాకా వచ్చింది.

"ల్యాబ్ ఇన్‌చార్జివి నువ్వెందుకు ఎక్కావు? హమాలీలు లేరా?"

"పై బస్తాలన్ని మంచియే పెడ్తరు మేడం. తడిసినయి కిందున్నయి," అంది పూర్ణిమ దిగుతూ. డ్రైవరు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ల్యాబ్‌లోకి వచ్చాక ఇంద్రజ తలుపు దగ్గరగా వేసి సంచిలోంచి ఒక కవరు తీసింది. "చేతులు కడుక్కుని చదువు. మామయ్యను ఒప్పించడానికి నాకు రెండు నెలలు పట్టింది."

పూర్ణిమ చేతులు కడుక్కోలేదు, చీర కుచ్చిళ్లకు తుడుచుకుంది. కాగితం మీద నాలుగే వరసలు. మిర్యాలగూడ యూనిట్ ప్లాంట్ మేనేజర్‌గా పూర్ణిమను నియమిస్తున్నట్టు. కింద కృష్ణమూర్తి గారి సంతకం. పైన తేదీ కోసం వదిలిన చోటు ఖాళీగా ఉంది.

"తేదీ సూర్యాపేటలో వేయిస్తాను. నెంబర్ కూడా అక్కడే పడుతుంది," అంది ఇంద్రజ.

"మరి ఇప్పుడున్న జితేందర్ సారు?"

"కోదాడ యూనిట్ చూసుకుంటాడు. పూర్ణిమా, పదహారేళ్ల నుంచి ఈ మిల్లు నడిపేది నువ్వు. మేనేజర్లు ముగ్గురు మారారు, ముగ్గురికీ పని నేర్పింది నువ్వే. ఈ మాట నేను మామయ్య ముందర అన్నాను తెలుసా?"

పూర్ణిమ బల్ల దగ్గరికి పోయింది. తక్కెడ మీద వడ్లు పెట్టింది. అంకె చూడకుండానే తీసేసింది. మళ్లీ పెట్టింది. ఈ మాట ఆమె మనసులో ఎన్నోసార్లు అనుకున్నదే. వేరే మనిషి నోట, అదీ ఓనర్ ఇంటి మనిషి నోట, వినడం ఇదే మొదలు.

"రేపు ఎల్లుండి ఆ విదేశీ కంపెనీ వాళ్ల తనిఖీ ఉంది కదా," అంది ఇంద్రజ మామూలుగా. "మన బియ్యం కొనాలంటే వాళ్లు అన్నీ చూస్తారు. పెద్ద పోస్టుల్లో ఆడవాళ్లు ఎంతమంది అని కూడా అడుగుతారు. నువ్వు దగ్గరుండి చూపించాలి."

పూర్ణిమ తలెత్తింది. "గందుకేనా మేడం ఇది?"

ఇంద్రజ దగ్గరికొచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "అది ఒక సాకు. సాకు దొరికింది కాబట్టే పెద్దాయన సంతకం పెట్టారు. నన్ను నమ్ము."

పూర్ణిమ నమ్మింది.

మధ్యాహ్నానికి మేనేజర్ గది తాళం ఆమె చేతికి వచ్చింది. కానీ ఆ గదిలో ఆమె పది నిమిషాలు కూడా కూర్చోలేదు. బాయిలర్‌లో ఆవిరి పడిపోతోందని కబురు వస్తే అటు పోయింది. బాయిలర్ చూసే ఉప్పలయ్య అరవై ఏళ్ల మనిషి, చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు.

"ఎంత ఊక ఏసినా లేస్తలేదమ్మా. ఇంక ఎయ్యిమంటున్నరు సూపర్‌వైజర్లు."

పూర్ణిమ ఊక కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసింది. మొన్నటి అకాల వానకు లోపల ఇంకా చెమ్మ ఆరలేదు. "ఎయ్యకు తాతా. ఇది మండది, పొగవెడ్తది. వెనక షెడ్డు ఊక దెప్పియ్యి. మనుషులను నేను పంపిస్త." పక్కనున్న సూపర్‌వైజర్ వైపు తిరిగి, "పోయి పంపు," అంది. అతను ఒక్క క్షణం ఆగి, ఆమె చేతిలోని తాళం గుత్తి చూసి, పోయాడు. ఇదే మాట నిన్న చెప్పి ఉంటే జితేందర్ సారును అడిగి వస్తానని వెళ్లేవాడు. అరగంటలో ఆవిరి మీటరు ముల్లు పైకి లేచింది. ఉప్పలయ్య గమ్చాతో మొహం తుడుచుకుని ఆమెకు తన సీసాలో నీళ్లు ఇచ్చాడు.

సాయంత్రం ఆడకూలీల పెద్ద లచ్చమ్మ, వెంట రంగిని తీసుకుని గది ముందుకు వచ్చింది. చెప్పులు బయట విడిచి, లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడింది.

"లోపలికి రాండ్రి. ఎవలిదనుకున్నరు గది?" అంది పూర్ణిమ.

లచ్చమ్మ నవ్వింది. "మనదే అనుకోని వచ్చినం బిడ్డా. ఈ రంగి ముచ్చట నీకెరుకనే గద."

ఎరుకే. రంగు మారిన బియ్యాన్ని ఏరేసే సార్టెక్స్ మిషన్‌ను ఆరేళ్ల నుంచి నడిపేది రంగి. రిజిస్టర్‌లో మాత్రం ఊడ్చే మనిషి. ఆపరేటర్ అని రాసి ఉన్న సైదయ్య పొద్దున వచ్చి సంతకం పెట్టి, గేటు ముందరి చాయ్ బండి దగ్గర కూర్చుంటాడు. ఓనర్ గారి ఊరి మనిషి. పూర్ణిమ ఈ సంగతి జితేందర్‌కు మూడుసార్లు చెప్పింది. చూద్దాం మేడం అనేవాడు.

"ఈ నెలలనే ఆపరేటర్ అని నీకు కాయితం ఇప్పిస్త రంగీ. అది నా జిమ్మ," అంది పూర్ణిమ. తరువాత కాస్త ఆగి, మిషన్ల మీద కూడా ఆడవాళ్లు కనిపించాలని పొద్దున ఇంద్రజ చెప్పిన ఇంకో మాట గుర్తుకు తెచ్చుకుంది. "రేపు వచ్చేటోళ్లు నిన్ను అడుగుతరు. ఆపరేటర్‌ననే చెప్పు."

రంగి లచ్చమ్మ వైపు చూసింది. "అబద్ధం గాదా అక్కా?"

"మిషన్ నడిపేది నువ్వే గదనే. అబద్ధమెట్లయితది?"

"సైదన్న పంచాయితి వెడ్తడు."

"పెడ్తే నేనున్న గద."

రంగి కొంగు నడుముకు దోపుకుంది. "నీ మాట మీద చెప్త," అంది.

తనిఖీకి వచ్చిన శ్రీవాణి హైదరాబాద్ మనిషి. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. ఆ విదేశీ కంపెనీ కొనే బియ్యం ఏ మిల్లులో, ఎట్లాంటి చోట తయారవుతుందో చూసి రాయడం ఆమె ఉద్యోగం. వెంట ఒక కుర్రవాడైనా లేడు. తనే ఫోటోలు తీసుకుంది, తనే రాసుకుంది. రెండు రోజులూ పూర్ణిమ ఆమెను వడ్లు దించే చోటు నుంచి సంచులు కుట్టే చోటు దాకా తిప్పింది. ఉప్పుడు బియ్యం కోసం వడ్లు నానబోసే ట్యాంకుల మీది ఇనుప మెట్లు ఎక్కించింది. డ్రయ్యర్ పక్కన ఎక్కడ నిలబడితే సెగ తగలదో చూపించింది. అడిగిన ప్రతిదానికీ రిజిస్టర్ తెరవకుండానే జవాబు చెప్పి, తరువాత రిజిస్టర్ తెరిచి చూపించింది. ఇంద్రజ ఒక అడుగు వెనక నడుస్తూ మధ్యమధ్య, "మా మేనేజర్ గారు ఉండగా మాకు దిగులు లేదండీ," అంటూ ఉంది. ఆ మాట విన్న ప్రతిసారీ పూర్ణిమ నడక ఇంకొంచెం వేగం అందుకునేది.

సార్టెక్స్ దగ్గర రంగి మిషన్ చప్పుడు చెవితోనే విని ఒక మీట తగ్గించింది. పక్క గొట్టంలో రాలుతున్న నల్ల గింజల్లో మంచి గింజలు కలవడం ఆగిపోయింది. శ్రీవాణి వంగి చూసి, "బాగా చేస్తున్నారే. మీ పోస్టు ఏంటమ్మా?" అంది.

"ఆపరేటర్ మేడం," అంది రంగి. చెబుతున్నప్పుడు శ్రీవాణిని చూడలేదు, పూర్ణిమను చూసింది.

బుధవారం సాయంత్రం శ్రీవాణి కోదాడ యూనిట్ చూడడానికి బయలుదేరింది. శనివారం సూర్యాపేటలో చివరి మీటింగ్, అక్కడ మేనేజర్ సంతకం కావాలని చెప్పి వెళ్లింది.

గురువారం పొద్దున ఎనిమిదికి పూర్ణిమ వచ్చేసరికి మేనేజర్ గది తలుపు తెరిచి ఉంది. కుర్చీలో జితేందర్ కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఆమె రిజిస్టర్లు, మంచినీళ్ల బాటిల్, కళ్లద్దాల డబ్బా ఒక అట్టపెట్టెలో సర్ది తలుపు పక్కన పెట్టి ఉన్నాయి.

జితేందర్ సగం లేచాడు. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు. "మేడం, మీకు చెప్పలేదా?"

"ఏం చెప్పాలె?"

"నేను కోదాడ పోలేదు మేడం. మూడొద్దులు సెలవు పెట్టుమన్నరు. ఇంట్లనే కూసున్న."

పూర్ణిమ అక్కడే నిలబడి ఇంద్రజకు ఫోన్ చేసింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తింది. "మీటింగ్‌లో ఉన్నాను పూర్ణిమా. కంగారు పడకు. కొంచెం ఓపిక పట్టు, అన్నీ నేను చూస్తాను," అని పెట్టేసింది. వెనక టీవీ చప్పుడు వినిపించింది.

అట్టపెట్టె ఎత్తుకుని పూర్ణిమ ల్యాబ్‌కు వెళ్లింది. దారిలో హమాలీలు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

మధ్యాహ్నం లచ్చమ్మ వచ్చి చెప్పింది. రంగిని మిషన్ దగ్గర నుంచి తీసేశారు. ఆపరేటర్‌నని చెప్పుకున్నందుకు సైదయ్య పొద్దున్నే పెద్దాయన దాకా పోయాడు. ఇప్పుడు ఆమె తవుడు గుంట ఊడుస్తోంది.

పూర్ణిమ పోయేసరికి రంగి మూతికి గుడ్డ కట్టుకుని తట్టతో తవుడు ఎత్తుతోంది. కనురెప్పల మీద, కనుబొమల మీద తవుడు పట్టి ముసలిదానిలా కనిపించింది. పూర్ణిమను చూసి కూడా పని ఆపలేదు.

"రంగీ."

"నువ్వు సెప్పమన్నవని సెప్పిన అక్కా."

"నాకు ఎరుకలేదే. నన్ను గూడ మోసం జేసిన్రు."

రంగి తట్ట కింద పెట్టి మూతి గుడ్డ కిందికి లాగింది. "నీకు ఎరుక లేకపోతే, నాకు మాటెందుకిచ్చినవ్?" అని అడిగింది. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు ఉంది. రంగి గుడ్డ పైకి లాక్కుని తట్ట ఎత్తుకుంది.

ఇంటికి వచ్చేసరికి తిరుమలగిరి నుంచి అత్తమ్మ ఆండాళు దిగింది. కోడలు మేనేజర్ అయిందని కొడుకు ఫోన్‌లో చెప్పగానే బస్సెక్కి వచ్చేసింది. పక్కింటివాళ్లను కూర్చోబెట్టుకుని, "ఏడెనిమిది వందల మంది మీద పెద్ద," అని రెట్టింపుకు రెట్టింపు చెబుతోంది. పూర్ణిమ చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి పోయింది. భర్త జీవన్ వెనకే వచ్చాడు. బియ్యం కడుగుతూ, అతని వైపు తిరగకుండానే అంది:

"వాట్సాప్ స్టేటస్‌ల నా ఫోటో తీసెయ్యి."

జీవన్ ఎందుకని అడగలేదు. ఫోన్ తీసి ఫోటో తీసేశాడు. తరువాత ముందు గదిలోకి పోయి తల్లిని ఇంకేదో ముచ్చట్లోకి దించాడు.

శనివారం ఇంద్రజే కారు తీసుకుని ఇంటి ముందుకు వచ్చింది. వెనక సీట్లో తన పక్కనే కూర్చోబెట్టుకుంది. కారు మిర్యాలగూడ దాటింది. కోసిన మడుల్లో గడ్డి మోపులు కడుతున్నారు. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉంటే డ్రైవరు నెమ్మదిగా తప్పించుకుంటూ పోతున్నాడు.

"మామయ్య ఒప్పుకోలేదు పూర్ణిమా," అంది ఇంద్రజ చివరికి. "హమాలీల మీద ఆడమనిషి అజమాయిషీ ఏంటి అన్నారు. తనిఖీ వరకే అన్నారు. నేను ఎంత చెప్పినా వినలేదు. ఆ ఇంట్లో నా మాట ఎంత చెల్లుతుందో నీకు తెలియదు. నేను కూడా పేరుకే డైరెక్టర్ని."

పూర్ణిమ ఆమె మొహంలోకి చూసింది. "తనిఖీ వరకేనని మీకు సోమారమే ఎరుకనా మేడం?"

ఇంద్రజ అద్దంలోంచి బయటికి చూసింది. "తెలుసు."

"లారీ కాడికి వచ్చిననాడే?"

"చెబితే నువ్వు ఆ రెండు రోజులు అంత బాగా చేసేదానివి కాదు."

గురువారం నుంచి పూర్ణిమ ఇంద్రజ తరఫున తనకు తానే సర్దిచెప్పుకుంటూ వచ్చింది: ఆమెను కూడా మోసం చేసి ఉంటారని, చెప్పలేక ఫోన్ పెట్టేసి ఉంటుందని. ఆ సర్దిచెప్పుకోవడం అక్కడితో ఆగిపోయింది. ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. వేళ్ల సందుల్లో ఎంత కడిగినా పోని తవుడు రంగు.

"ఈ ఆర్డర్ రానీ. వచ్చే ఏడాదికి నిన్ను నిజంగా చేయిస్తాను. ఈ ఒక్క సంతకం పెట్టు," అంది ఇంద్రజ. చెయ్యి ఆమె చేతి మీద వేయబోయి, ఎందుకో మానేసింది.

సూర్యాపేట ఆఫీసులో పొడుగు బల్ల ముందు కృష్ణమూర్తి గారు, ఆయన కొడుకు శశిధర్, ఎదురుగా శ్రీవాణి కూర్చుని ఉన్నారు. "రా బిడ్డా, కూసో," అన్నాడు కృష్ణమూర్తి ప్రేమగా. పదహారేళ్లలో ఆయన తన ఎదుట ఆమెను కూర్చోమనడం అదే మొదటిసారి.

శ్రీవాణి తన రిపోర్టు చదివింది. మిల్లు శుభ్రత బాగుంది. రికార్డులు బాగున్నాయి. మేనేజర్ అవగాహన చాలా బాగుంది. నిపుణుల పనుల్లో కూడా ఆడవాళ్లు ఉన్నారు, ఉదాహరణకు సార్టెక్స్ ఆపరేటర్. చదవడం అయ్యాక ఫైలు పూర్ణిమ వైపు జరిపింది. "ఇందులో ఉన్నవన్నీ నిజమని మేనేజర్‌గా మీరు ఇక్కడ సంతకం పెట్టాలి."

పూర్ణిమ పేజీలు తిప్పింది. మూడో పేజీలో తన నియామకం కాగితం నకలు ఉంది. ఖాళీగా ఉన్న చోట ఇప్పుడు తేదీ ఉంది. పోయిన ఏడాది జూన్.

పెన్ను తీసుకుంది. ఇంద్రజ ఊపిరి వదలడం పక్కనే వినిపించింది.

"ఒక మాట మేడం," అంది పూర్ణిమ. "సార్టెక్స్ కాడ రంగి ఆపరేటర్‌నని చెప్పింది. రిజిస్టర్‌ల ఆమె ఊడ్సే మనిషి. ఆరేండ్ల సంది మిషన్ నడిపేది ఆమెనే, కాయితం మాత్రం వేరేటోళ్లది. అట్ల చెప్పుమన్నది నేనే. ఆమె తప్పు లేదు. మొన్న ఆమెను మిషన్ కాడినుంచి తీసేసి తవుడు గుంటల పెట్టిన్రు. ఆమె పేరు గిట్ల రాసి ఉండగ నేను సంతకం పెట్టను."

శశిధర్ కుర్చీ వెనక్కి జరిగింది. కృష్ణమూర్తి చెయ్యి ఎత్తి కొడుకును ఆపాడు. "చిన్న విషయం మేడం. రాసుడుల తప్పు. మా మేనేజర్ ఉన్నది గద, ఆమెనే దిద్దుతది," అన్నాడు నవ్వుతూ.

శ్రీవాణి నవ్వలేదు. "సరే. మేనేజర్‌గా ఎన్ని రోజుల్లో సరిచేస్తారు?" అని పూర్ణిమను అడిగింది.

కారు ఎక్కినప్పుడు గానీ, ఆ గదిలోకి వచ్చినప్పుడు గానీ ఈ మాట అంటానని పూర్ణిమ అనుకోలేదు. రంగి సంగతి చెప్పి సంతకం పెట్టి వచ్చేయాలనే అనుకుంది. కానీ అడిగిన ప్రశ్నకు వేరే జవాబు లేదు.

"నేను సరిచేయలేను మేడం. నేను మేనేజర్‌ను కాదు. సోమారం నుంచి బుధారం దాకా ఉన్న. ఈ తేదీ నాడు నాకు ఏ కాయితం ఇయ్యలే."

పెన్ను మూత పెట్టి ఫైలు మీద పెట్టింది.

ఎవరూ గొంతు పెంచలేదు. కృష్ణమూర్తి కళ్లద్దాలు తీసి పంచె అంచుతో చాలాసేపు తుడిచాడు. శ్రీవాణి కాగితం మీద ఏదో రాసుకుంటోంది. "నువ్వు పోయి బయట కూసో బిడ్డా," అన్నాడు ఆయన. అదే ప్రేమతో అన్నాడు. పూర్ణిమ బయట కూర్చోలేదు. నడుచుకుంటూ కొత్త బస్టాండ్‌కు పోయి మిర్యాలగూడ బస్సు ఎక్కింది. వెనక నుంచి ఎవరైనా పిలుస్తారేమోనని బస్సు కదిలేదాకా అనుకుంది. పిలవాలని ఎందుకు అనిపించిందో ఆమెకే తెలియలేదు.

ఆమెను ఉద్యోగంలోంచి తీయలేదు. తీస్తే శ్రీవాణి కంపెనీకి జవాబు చెప్పుకోవాలి. వారం తిరక్కుండా కోదాడ యూనిట్‌కు బదిలీ చేశారు. హోదా అదే, ల్యాబ్ ఇన్‌చార్జి. రోజూ హుజూర్‌నగర్ మీదుగా బస్సులో పోయి రావాలి. కోదాడలో ఉన్నది మిల్లు కూడా కాదు. వడ్లు కొని నిలవ చేసే రేకుల షెడ్డు, ఒక బల్ల, తేమ చూసే ఒక మిషన్.

విదేశీ కంపెనీ ఆర్డర్ రద్దు చేయలేదు. అరవై రోజుల్లో తప్పులు దిద్దుకోమని రాసింది. మేనేజర్‌గా నిజంగా ఒక స్త్రీ ఉండాలని, ఆ మిషన్ నడిపే మనిషికి ఆపరేటర్ కాగితం ఇవ్వాలని రాసింది. లచ్చమ్మ ఫోన్‌లో చెప్పింది.

"రంగికి కాయితం ఇచ్చిన్రు బిడ్డా. మల్ల మిషన్ కాడికే పోయింది."

"నా గురించి ఏమన్న అన్నదా?"

"ఏమనలే బిడ్డా," అంది.

అదే సాయంత్రం కంపెనీ వాట్సాప్ గ్రూపులో ఫోటో వచ్చింది. మిర్యాలగూడ యూనిట్ కొత్త ప్లాంట్ మేనేజర్ ఇంద్రజ గారు. చేతిలో పూలగుత్తి, పక్కన మామగారు, వెనక వరసలో జితేందర్. కింద ఎనభై మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. పూర్ణిమ ఆ ఫోటో పెద్దది చేసి ఇంద్రజ మొహం చూసింది. ఆ నవ్వు నిజమైనదే.

పది రోజుల తరువాత, మధ్యాహ్నం అన్నం తిని చేతులు కడుక్కుంటుండగా ఇంద్రజ నుంచి ఫోన్ వచ్చింది.

"పూర్ణిమా, ట్యాంకుల్లో నానబోసిన వడ్లు వాసన వస్తున్నాయి. పైన నురగ కట్టింది. మూడు ట్యాంకులూ అంతే. జితేందర్ పెళ్లికి పోయాడు, ఫోన్ ఎత్తడం లేదు. ఉప్పలయ్యకు జ్వరం, వారం నుంచి రావడం లేదు. ఏం చెయ్యాలి?"

పూర్ణిమకు ఇక్కడి నుంచే ఆ వాసన తెలిసింది. రాత్రి వేడినీళ్లు చాలినంత పట్టలేదు. గోరువెచ్చగా నానితే పులుస్తుంది. ఆ నీళ్లు వెంటనే వదిలేసి, పొగలు కక్కే నీళ్లతో ఒకసారి కడిగి, నేరుగా ఆవిరికి ఎక్కించాలి. గంటలోపల చేస్తే సగానికి పైగా దక్కుతుంది. ఈ మాట ముగ్గురు మేనేజర్లకు మూడుసార్లు చెప్పింది. ఇప్పుడు కూడా నోటి దాకా వచ్చింది.

"నువ్వు ఏం చెబితే అది చేస్తారు వీళ్లు. అందరూ నా మొహమే చూస్తున్నారు పూర్ణిమా," అంది ఇంద్రజ.

"వాళ్లకు మేనేజర్ చెప్పాలె మేడం."

"నాకు తెలియదు. నీకు తెలుసు కదా. చెప్పవా?"

"చెప్పను."

"నువ్వు చెప్పకపోతే సరుకంతా పాడైపోతుంది."

పూర్ణిమ తడి చెయ్యి గోడకు ఆనించి నిలబడింది. పదహారేళ్లలో ఒక్క ట్యాంకు కూడా పాడు కానివ్వలేదు. చంటిపిల్లను వదిలి పండగపూట కూడా పోయి నీళ్లు వదిలించిన రోజులున్నాయి.

"అయితది మేడం," అంది.

ఇంద్రజ ఫోన్ పెట్టేయలేదు. మర్చిపోయి చెయ్యి కిందికి దించినట్టుంది. మిషన్ల చప్పుడు, ఇనుప మెట్ల మీద ఎవరో పరుగెత్తుకు వస్తున్న చప్పుడు, ఆ తరువాత ఒక మగగొంతు వినిపించాయి. "మేడం, మూడో ట్యాంకు గూడ పొంగుతుంది. ఏం జెయ్యమంటరు?"

మేనేజర్ ఏం చెబుతుందో విందామని పూర్ణిమ ఫోన్ చెవి దగ్గరే పట్టుకుంది. చాలాసేపు అటు నుంచి ఏ మాటా రాలేదు.